పండుగ దస్తర్‌ఖాన్‌పై అమ్మ పళ్లెం

పవిత్ర రమజాన్ మాసపు చివరి పది రోజులు ప్రవేశించగానే ప్రతి ముస్లిం గృహంలోనూ రెండు ఆలోచనలు పక్కపక్కనే నడుస్తుంటాయి. మిగిలిన రాత్రులను ఆరాధనలో ఎలా సద్వినియోగం చేసుకోవాలన్నది మొదటిది. పండుగ ఏర్పాట్లు రెండవది. మొదటిది మనసును దేవుని వైపు మళ్లిస్తే, రెండవది బజారు వైపు లాగుతుంది. ఈ రెంటి నడుమ ఎక్కువగా నలిగిపోయేది ఇంటి ఇల్లాలు. కనుక ఈ నెల మా శీర్షికలో ఈదుల్ ఫిత్ర్ నాటి రాత్రి కుటుంబమంతా కలిసి కూర్చునే విందును గురించి, దానికి ఇంట్లోనే సులభంగా చేసుకోదగిన అలంకరణలను, వంటకాలను గురించి ముచ్చటించదలిచాము.

ముందుగా మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం వరకు మా పండుగ విందంటే పది పన్నెండు రకాల వంటకాలు. బిర్యానీ, రెండు రకాల కబాబులు, కుర్మా, మూడు రకాల తీపి పదార్థాలు. వచ్చినవారు మెచ్చుకునేవారు, మేమూ గర్వపడేవాళ్లం. మా దాదీ తెల్లవారుజామున వంటగదిలో అడుగుపెడితే రాత్రి అందరి భోజనాలూ ముగిసేవరకు బయటికి వచ్చేవారు కాదు. ఎవరైనా పిలిస్తే, "మీరు కానివ్వండి బేటా, నేను తరువాత తింటాను" అనేవారు. ఆ మాటను మేము ఆమె ప్రేమకు గుర్తుగా భావించామే తప్ప, అందులో మా లోపముందని ఎన్నడూ తలచలేదు.

దాదీ అల్లాహ్ సన్నిధికి చేరిన తరువాత వచ్చిన మొదటి పండుగనాడు, ఇంటిలోని చిన్నపిల్ల ఒకతె ఒక ప్రశ్న అడిగింది. "దాదీకి పండుగ భోజనంలో ఏదంటే ఇష్టం?" దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్న పద్నాలుగు మందిలో ఒక్కరికీ సమాధానం తెలియలేదు. ఆమె చేతి వంట రుచి అందరికీ తెలుసు. ఆమె పక్కన కూర్చుని పండుగ భోజనం చేసిన జ్ఞాపకం మాత్రం ఎవరికీ లేదు. ఆ రాత్రి ముద్ద గొంతు దిగలేదు.

ఆనాడే మేము ఒక నిర్ణయానికి వచ్చాము. వండినవారు కూడా అందరితోపాటు కూర్చుని, వేడివేడిగా తినగలిగే విందునే మా ఇంట్లో ఏర్పాటు చేసుకోవాలి. వంటకాల సంఖ్య, అలంకరణల ఖర్చు అన్నీ ఈ ఒక్క నియమానికి లోబడి ఉండాలి.

ఇది మేము కొత్తగా కల్పించుకున్న నియమమేమీ కాదు. దైవప్రవక్త (సల్లం) ఇంట్లో ఉన్నప్పుడు ఏం చేస్తుండేవారని అడిగినప్పుడు, ఆయన కుటుంబ సభ్యుల సేవలో ఉండేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. ఆయన ఏనాడూ భోజనానికి వంక పెట్టలేదని, ఇష్టమైతే తినేవారని, లేకుంటే వదిలేసేవారని కూడా హదీసులు తెలుపుతున్నాయి. తినండి, తాగండి అని అనుమతినిచ్చిన దివ్య ఖుర్ఆన్ (ఆరాఫ్ సూరా, 31వ వాక్యం) ఆ వెంటనే మితిమీరడాన్ని వారించింది. ఈ మూడు బోధనలనూ మన పండుగ వంటగదిలోకి తీసుకువస్తే చాలు, సగం భారం తగ్గిపోతుంది.

ఇక అలంకరణల విషయానికి వద్దాం.

అలంకరణ పనిని పూర్తిగా పిల్లలకు అప్పగించండి. వారికి కావలసినవి రంగు కాగితాలు, పాత అట్టపెట్టెలు, కత్తెర, జిగురు, దారం. దాదాపు ఇవన్నీ ఇంట్లోనే ఉంటాయి. కాగితపు లాంతరు చేయడం ఐదు నిమిషాల పని. దీర్ఘచతురస్రాకారపు రంగు కాగితాన్ని పొడవు వైపున సగానికి మడవాలి. మడత ఉన్న వైపు నుంచి వేలెడు వెడల్పు చొప్పున కత్తిరిస్తూ పోవాలి. అయితే అవతలి అంచున రెండు వేళ్ల మేర కత్తిరించకుండా వదలాలి. తరువాత కాగితాన్ని విప్పి గొట్టంలా చుట్టి, అంచులను అంటించి, పైన ఒక కాగితపు పట్టీని పిడిగా అమర్చాలి. ఇలాంటివి పది చేసి దారానికి కట్టి గుమ్మానికి వేలాడదీస్తే ఇల్లు నిండుగా కనిపిస్తుంది. వీటిలో కొవ్వొత్తులు మాత్రం వెలిగించవద్దు, కాగితం ఇట్టే అంటుకుంటుంది.

నెలవంక చేయడం ఇంకా సులభం. అట్టపై భోజనపు పళ్లెం బోర్లించి ఒక గుండ్రటి గీత గీయాలి. ఆ వలయం లోపల ఒక అంచుకు జరిపి చిన్న గిన్నెతో మరొక గీత గీయాలి. రెండు గీతల నడుమ మిగిలిన భాగాన్ని కత్తిరిస్తే నెలవంక సిద్ధం. దానికి వెండి రంగు కాగితం అంటిస్తే సరిపోతుంది.

దస్తర్‌ఖాన్ కోసం కొత్త గుడ్డ కొననవసరం లేదు. శుభ్రంగా ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లటి నూలు దుప్పటిని పొడవుగా మడచి పరవండి. దాని మధ్యగా ఒక పాత రంగుల దుపట్టాను పట్టీలా వేయండి. అక్కడక్కడ గాజు గ్లాసుల్లో నీళ్లు పోసి పుదీనా కొమ్మలు నిలబెట్టండి. మల్లెలు దొరికే కాలమైతే ఒక ఇత్తడి గిన్నెలో నీళ్లు పోసి గుప్పెడు పూలు వేయండి. ఆ పరిమళానికి సాటివచ్చే అలంకరణ ఏ దుకాణంలోనూ దొరకదు.

ఒక జాగ్రత్త తప్పనిసరి. అల్లాహ్ నామం గానీ, ఖుర్ఆన్ వాక్యాలు గానీ ఇలాంటి కాగితాలపై రాయించవద్దు. పండుగ మరునాడు అవి చెత్తలో పడతాయి, కాళ్ల కింద నలుగుతాయి. 'ఈద్ ముబారక్' అన్న రెండు మాటలు చాలు.

అన్నిటికన్నా ముఖ్యమైన అలంకరణను చివరికి ఉంచాము. ఇంటిల్లిపాది పేర్లనూ చిన్న చిన్న అట్ట ముక్కలపై రాయించి, ఒక్కొక్కరి పళ్లెం ముందు ఒక్కొక్కటి నిలబెట్టించండి. మా ఇంట్లో పిల్లలు తెలుగులో రాస్తే, పక్కనే దాదా ఉర్దూలో రాస్తారు. ఆ సాకుతో పిల్లలకు నాలుగు ఉర్దూ అక్షరాలు కూడా వస్తున్నాయి. మొదట రాయవలసింది అమ్మ పేరు. ఆ పేరు ముందున్న పళ్లెం ఖాళీగా ఉన్నంతసేపు ఎవరూ 'బిస్మిల్లాహ్' అని భోజనం మొదలుపెట్టరాదు. ఈ చిన్న అట్టముక్క చేసినంత మేలు మా ఇంట్లో ఎన్ని ఉపదేశాలూ చేయలేదు.

ఇప్పుడు వంటకాలు. పది మందికి సరిపడేలా నాలుగే వంటకాలను సూచిస్తున్నాము. బగారా అన్నం, మాంసం దాల్చా, పెరుగు చట్నీ, షీర్ ఖుర్మా.

బగారా అన్నానికి కిలో బాస్మతి బియ్యాన్ని కడిగి అరగంట నానబెట్టాలి. మందపాటి అడుగున్న దేగ్చీలో 100 మిల్లీలీటర్ల నూనె, రెండు చెంచాల నెయ్యి వేడిచేసి షాజీరా, ఆరు లవంగాలు, ఆరు యాలకులు, రెండు దాల్చినచెక్క ముక్కలు, బిర్యానీ ఆకు వేయాలి. సన్నగా తరిగిన మూడు ఉల్లిపాయలను బంగారు రంగు వచ్చేవరకు వేయించి, రెండు పెద్ద చెంచాల అల్లం వెల్లుల్లి ముద్ద, నిలువుగా చీల్చిన ఎనిమిది పచ్చిమిరపకాయలు, గుప్పెడు చొప్పున పుదీనా, కొత్తిమీర చేర్చాలి. గ్లాసు బియ్యానికి గ్లాసున్నర లెక్కన నీళ్లు పోసి, తగినంత ఉప్పు వేసి, మరిగిన తరువాత బియ్యం వేయాలి. నీరు ఇంకిపోతుండగా మూతపెట్టి, సన్నని మంటపై పది నిమిషాలు దమ్ ఇస్తే చాలు.

దాల్చాకు 400 గ్రాముల శనగపప్పును గంటసేపు నానబెట్టి, పసుపు వేసి మెత్తగా ఉడికించి మెదపాలి. అందులో అరకిలో సొరకాయ ముక్కలు, మూడు టమాటాలు, సరిపడా నీళ్లు, ఉప్పు, కారం వేసి ఉడకనివ్వాలి. ముక్క మెత్తబడిన తరువాతనే రెండు నిమ్మకాయలంత చింతపండు పులుసు పోయాలి. పులుపు ముందే పడితే సొరకాయ త్వరగా ఉడకదు. మరొక పక్క కిలో ఎముకలతో కూడిన మేక మాంసాన్ని ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి, కారం, ధనియాల పొడి, ఉప్పుతో వేయించి, కుక్కర్‌లో మెత్తగా ఉడికించుకోవాలి. తరువాత రెండింటినీ కలిపి పావుగంట మరిగించి, వెల్లుల్లి, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకులతో తాలింపు పెట్టాలి.

ఇక్కడ ఒక మెళకువ ఉంది. మాంసం కలపకముందే పప్పు, సొరకాయల దాల్చాను ఒక గిన్నెడు విడిగా తీసి తాలింపు వేయండి. మాంసాహారం ముట్టని పొరుగువారికి, మిత్రులకు బగారా అన్నంతో పాటు దానిని పంపవచ్చు. వేరే వంట అక్కరలేదు, వారికీ సంకోచం ఉండదు. వారి కోసం వాడే గరిటె మాత్రం వేరుగా ఉంచడం మర్యాద.

పెరుగు చట్నీకి మంట పనే లేదు. ముప్పావు కిలో పెరుగును చిలికి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర, పుదీనా, ఉప్పు కలిపితే సరి. ఈ పనిని ఇంటి అబ్బాయిలకు అప్పగించండి.

షీర్ ఖుర్మాను ఎలాగూ పండుగ ఉదయమే చేస్తాం. ఉదయానికీ రాత్రికీ కలిపి మూడు లీటర్ల పాలు తీసుకోండి. పాలు ముప్పావు వంతు అయ్యేవరకు మరిగించి, పావుకిలో చక్కెర వేయాలి. రాత్రంతా నానబెట్టి గింజలు తీసి తరిగిన ఇరవై ఎండు ఖర్జూరాలు, బాదం, పిస్తా, జీడిపప్పు, సారపప్పులను నేతిలో వేయించి పాలలో కలపాలి. ఈ దశలో సగం పాలను విడిగా తీసి చల్లారిన తరువాత ఫ్రిజ్‌లో పెట్టండి. మిగిలిన సగంలో నేతిలో వేయించిన సన్న సేమియా 75 గ్రాములు వేసి మూడు నాలుగు నిమిషాలు ఉడికిస్తే ఉదయపు షీర్ ఖుర్మా సిద్ధమవుతుంది. రాత్రి భోజనానికి ముందు దాచిన పాలను వేడిచేసి, మరో 75 గ్రాముల సేమియా వేయవచ్చు. ఉదయం వేసిన సేమియా రాత్రికి ముద్దగా మారుతుంది. ఈ పద్ధతిలో ఆ చిక్కు రాదు, రెండు పూటలా తాజా రుచి దక్కుతుంది.

నెలవంక ఇరవైతొమ్మిదో రోజున కనిపిస్తుందో, ముప్పై పూర్తవుతాయో ముందుగా చెప్పలేం. అందువల్ల నిలువ ఉండే పనులను ఇరవైఎనిమిదో రోజుకే ముగించుకోవాలి. లాంతర్లు, పేర్ల అట్టలు తయారుచేయడం, బాదం పిస్తాలు తరగడం, సేమియా వేయించడం, అల్లం వెల్లుల్లి నూరి పెట్టుకోవడం ఇలాంటివి. పండుగ ఒకరోజు వెనక్కి జరిగినా ఇవేవీ పాడుకావు. చాంద్ రాత్ నాడు ఖర్జూరాలు నానబెట్టి, లాంతర్లు వేలాడదీస్తే చాలు. హైదరాబాదు పత్తర్‌గట్టీలోనైనా, మీ ఊరి బజారులోనైనా ఆ రాత్రి జనసందోహంలో హడావుడిగా పరుగులు తీయవలసిన అగత్యం ఉండదు. ఆ సమయం ఇంటి స్త్రీలకు దువాలకూ, విశ్రాంతికీ మిగులుతుంది.

పండుగనాడు అస్ర్ నమాజు తరువాత దాల్చా పని మొదలుపెట్టి, మగ్రిబ్ తరువాత అన్నం వండుకుంటే, ఇషా ముగిసేసరికి విందు సిద్ధం. దస్తర్‌ఖాన్ పరవడం, నీళ్లు అందించడం, చివరన గిన్నెలు కడగడం పురుషులు, పిల్లలు పంచుకోవాలి. అది ఇల్లాలికి చేసే ఉపకారం కాదు, ప్రవక్త సాంప్రదాయాన్ని అనుసరించడం.

మరొక్క మాట. ఫిత్రా దానాన్ని ఈద్ నమాజుకు ముందే చెల్లించాలన్నది అందరికీ తెలిసిందే. పేదవాని ఇంట కూడా ఆ రోజు పొయ్యి వెలగాలన్నది దాని పరమార్థాలలో ఒకటి. పన్నెండు వంటకాల నుంచి నాలుగింటికి దిగివచ్చినప్పుడు మా ఇంట్లో మిగిలిన సొమ్మును ఫిత్రాకు అదనంగా, ఒక వితంతువు ఇంటికి పండుగ సరుకులు పంపడానికి ఉపయోగించాము. మా దస్తర్‌ఖాన్‌పై తగ్గిన వంటకాల లోటు ఎవరికీ తెలియలేదు. ఆ ఇంట్లో మాత్రం పండుగ జరిగింది.

ఇప్పుడు మా ఇంట ప్రతి పండుగ రాత్రీ అమ్మీ దస్తర్‌ఖాన్ మధ్యలో కూర్చుంటుంది. ఆమెకు దాల్చాలోని సొరకాయ ముక్క అంటే ఇష్టమని, షీర్ ఖుర్మాలో చక్కెర తక్కువ ఉండాలని పిల్లలందరికీ తెలుసు. దాదీ విషయంలో మేము పోగొట్టుకున్నది తిరిగి రాదు. కానీ మీ ఇంట అమ్మ, అత్త, దాదీ, నానీ ఉన్నట్లయితే ఈ పండుగ రాత్రి వారి చేతిలోని గరిటె తీసుకుని, చేయి పట్టుకుని తెచ్చి దస్తర్‌ఖాన్ వద్ద కూర్చోబెట్టండి. మొదటి వడ్డన వారి పళ్లెంలోనే చేయండి. వారికేది ఇష్టమో అడిగి తెలుసుకోండి.

అల్లాహ్ మన ఉపవాసాలను, ఆరాధనలను స్వీకరించుగాక. మన ఇళ్లలో శుభాలను నింపుగాక. ఆమీన్. పాఠక సోదరీ సోదరులందరికీ ఈద్ ముబారక్!