ఉద్దానంలో ఎవరు పాపం చేశారు?

ఉద్దానంలో కిడ్నీలు పాడై మంచం పట్టిన మనిషి దగ్గరికి వెళ్లి ‘నీలో దాచుకున్న పాపం ఏదో ఉంది, ఒప్పుకో’ అనేవాడికి బైబిలు చేతపట్టే అర్హత లేదు. ఆ ప్రశ్నకు యేసు ఏనాడో జవాబిచ్చాడు. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిందదే: పాపం ఇతనిదా, ఇతన్ని కన్నవాళ్లదా? ఇద్దరిదీ కాదన్నాడు ప్రభువు. అని ఊరుకున్నాడా? నేలమీద ఉమ్మేసి బురద కలిపి, ఆ మనిషి కళ్లకు పూసి, సిలోయము కోనేటికి వెళ్లి కడుక్కోమన్నాడు. లూకా పదమూడులో అదే సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయిన సంగతి వస్తుంది. వాళ్లు ఊళ్లో అందరికంటే పెద్ద పాపులనుకోవద్దని అక్కడా తేల్చి చెప్పాడు. ప్రభువు రెండుసార్లు కాదన్న మాటను స్వస్థత కూటాల్లో మైకు పెట్టి మరీ అంటున్నారు.

ఉద్దానమంటే కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. కొబ్బరి, జీడి, పనస తోటల నడుమ పచ్చగా ఉండే పల్లెలు. ఇరవై ఏళ్లు దాటింది, అక్కడ ఇంటింటా కిడ్నీ మాటే. క్రియాటినిన్ ఎన్ని పాయింట్లకు వచ్చిందన్నదే పలకరింపు. నీళ్లలో సిలికా అన్నారు, భారలోహాలన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో గుక్కెడు నీళ్లు లేకుండా చేసే చాకిరీ అన్నారు, ఒళ్లు నొప్పులకు మింగే మాత్రలన్నారు. ఏళ్ల తరబడి పరీక్షలు చేసినవాళ్లు ఇదీ కారణమని తేల్చలేకపోయారు. ఒక్క గ్లాసు నీళ్లయినా పరీక్షించని ప్రసంగీకుడు మాత్రం కారణం నిమిషంలో తేల్చేస్తాడు: నీ పాపం, లేదంటే నీ అవిశ్వాసం.

యోబు స్నేహితులు వీళ్లకంటే నయం. ఏడు రాత్రులూ ఏడు పగళ్లూ నోరు మెదపకుండా అతని పక్కన నేలమీద కూర్చున్నారు. నోరు విప్పాకే చెడ్డారు. చివరికి దేవుడి కోపం వాళ్లమీదే రగిలింది, పుండ్లతో బూడిదలో కూర్చున్న యోబు మీద కాదు.

ఇక వాగ్దానం కార్డులు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో చేతికిచ్చే చిన్న అట్టముక్క. ఏ తెగులూ నీ గుడారం దరికి రాదన్న తొంభై ఒకటో కీర్తన మాట దానిమీద ఉంటుంది. వారానికి మూడుసార్లు తెల్లారకముందే బస్సెక్కి డయాలసిస్‌కి వెళ్లే మనిషికి ఆ కార్డిచ్చి ‘ఇది ఈ ఏటి నీ వాగ్దానం’ అంటారు. నెలలు గడిచి ఆ మనిషి పోతే, భార్యకు మిగిలేది దుఃఖం ఒక్కటే కాదు. ‘మేమేటి పాపం చేసినాం బాబూ’ అన్న ప్రశ్న కూడా. ఆ కీర్తనలోంచే ఒక ముక్క తుంచి యేసు ముందుకు తెచ్చిన వాడెవడో సువార్తలు చెబుతాయి. దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూకు, దూతలు ఎత్తుకుంటారన్నవాడు సాతాను. వాక్యాన్ని తుంచి మనిషి ప్రాణం మీదికి తేవడం ఎవరి పనో ఇంకా చెప్పాలా?

రెండవ రాజుల గ్రంథం రెండో అధ్యాయం మాత్రం ఈ వేదికల మీద నేను వినలేదు. అది ఉద్దానం కోసమే రాశారా అనిపిస్తుంది నాకు. యెరికో ఊరివాళ్లు ప్రవక్త ఎలీషా దగ్గరికొచ్చి మొరపెట్టుకుంటారు: ఊరు చక్కనిదే, నీళ్లే మంచివి కావు, నేల పండటం లేదు. ఎలీషా ఎవర్నీ పాపం ఒప్పుకోమనలేదు. కొత్త పాత్రలో ఉప్పు తెమ్మన్నాడు. ఇళ్లలో కడవల మీద చల్లలేదు, నూనె సీసాలు పంచలేదు. నడిచి ఊట దగ్గరికే వెళ్లి అందులో వేశాడు. జబ్బు నీళ్లలో ఉందని జనం చెబితే నమ్మినవాడు ప్రవక్త.

మన దగ్గర అలాంటి విశ్వాసం ఎన్నడూ లేదా అంటే, ఉంది. అదీ ఉద్దానంలోనే. సోంపేట ఆరోగ్యవరం ఆసుపత్రిలో కెనడా బాప్టిస్టు మిషన్ వైద్యుడు బెన్ గలిసన్ చూపుపోయిన పేదలకు కంటి ఆపరేషన్లు చేశాడు. ఆ పని సంగతి విని కదిలిన కాల్గరీ వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్ వల్ల 1963లో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ పుట్టింది. సోంపేటలో మొదలైన ఆ పని దేశాలు దాటింది. యోహాను తొమ్మిదో అధ్యాయాన్ని అలా చదవాలి. పాపం ఎవరిదని అడగకుండా, ఆ కళ్లకు ఏం చేయగలమని అడగాలి. ఆ చరిత్ర ఉన్న నేలమీదే ఇవాళ కిడ్నీ రోగికి అభిషేక తైలం అమ్ముతుంటే నాకు ఒళ్లు మండుతోంది.

ప్రభుత్వాలు ఆలస్యంగానైనా కదిలాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్లు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. మా వీధి కుళాయికి ఆ నీళ్లు రోజూ వస్తున్నాయా, ఆసుపత్రిలో నిపుణులున్నారా, మందులున్నాయా అని అడిగే గొంతు సంఘానికి ఉండాలి. బట్టలేనివాణ్ణి, తిండిలేనివాణ్ణి చూసి ‘సుఖంగా వెళ్లు’ అని సాగనంపితే ఏం లాభమని యాకోబు అడిగింది సంఘాన్నే, సర్కారును కాదు.

పాస్టర్ గారూ, ప్రార్థన మానమని అనడం లేదు. రోగి చెయ్యి పట్టుకుని ప్రార్థించండి, ఆ చెయ్యి పట్టుకునే డయాలసిస్‌కి తోడు వెళ్లండి. కానుకల పెట్టెలోంచి బస్సు ఛార్జీలివ్వండి. రోగి ఏ మతమని అడక్కండి, సిలోయము దారి చూపినవాడు అడగలేదు. మంచం మీదున్న అన్నా, అక్కా, స్వస్థత వచ్చేసింది డయాలసిస్ మానెయ్యమని ఎవరైనా, ఎంత పేరున్న దైవజనుడైనా చెబితే ఆ మాట వినకండి. డాక్టరు మానమనేదాకా ఒక్క రోజూ మానకండి.