పిల్లలకు ఒకే వేషం వేయకండి



ఈ టర్మ్‌లో మీ పిల్లలు డ్రాయింగ్ పీరియడ్‌లో ఇంట్లోవాళ్ళ ముఖచిత్రాలు గీశారు. అవి చూసి కొందరు పేరెంట్స్ అడిగారు: "నాన్నకు నాలుగు చేతులేంటి? అమ్మ పక్కన సింహం ఏంటి? ఇది టారో కార్డుల జోస్యమట కదా, బడిలో ఎందుకండీ?" అడగాల్సిన ప్రశ్నే. సూటిగా చెప్తాను. క్లాసులో జోస్యం చెప్పడం లేదు, చెప్పబోము కూడా. ఒక మనిషిని పరీక్షగా చూసి బొమ్మగా చెప్పడం నేర్పుతున్నాం.

టారో మొదట్లో జోస్యం కాదు, పేకాట. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పుట్టింది. దాంతో భవిష్యత్తు చెప్పడం 18వ శతాబ్దంలో గానీ ప్రచారంలోకి రాలేదు. మొత్తం 78 ముక్కలు. వాటిలో 22 ముక్కల మీద మహారాణి, గారడీవాడు, లాంతరు పట్టిన ముసలి సన్యాసి, మూట భుజాన వేసుకుని కొండ అంచున నడిచే అమాయకుడు లాంటి బొమ్మలుంటాయి. ఈనాడు అందరికీ తెలిసిన బొమ్మలు 1909లో పమేలా కోల్మన్ స్మిత్ అనే చిత్రకారిణి గీసినవి. ఆ తర్వాత సాల్వడార్ డాలీ తన సొంత టారో గీశాడు, అది 1984లో అచ్చయింది. అందులో గారడీవాడి ముఖం డాలీదే, మహారాణి ముఖం ఆయన భార్య గాలాది. పాత్ర పాతదే, ముఖం మాత్రం ఇంట్లోవాళ్ళది. కలలో లాగా, మామూలుగా కలవని రెంటిని కలిపి చూపడమే సర్రియలిజం. మేం పిల్లలకు ఇచ్చిన పని కూడా ఇదే.

ఇదంతా పరాయి దేశపు సరుకు అనుకోనక్కర్లేదు. తిరునాళ్ళలో చిలక జోస్యం చూడనివాళ్ళు మనలో ఎవరు? చిలక పంజరంలోంచి వచ్చి ఒక ముక్క లాగుతుంది. అందులో ఉన్న దేవుడి బొమ్మను పట్టుకుని జోస్యుడు కథ అల్లుతాడు. జోస్యం మాట పక్కన పెట్టండి. బొమ్మ కనపడగానే మనసులో ఒక కథ మెదులుతుందే, అది మాత్రం నిజం. ఇక పగటివేషాల్లో అర్ధనారీశ్వర వేషం గుర్తు చేసుకోండి. ముఖం సగం శివుడు, సగం పార్వతి. ఇటు తిరిగితే ఒకరు, అటు తిరిగితే ఇంకొకరు. డాలీ పేరు వినకముందే మన ఊళ్ళలో ఇంటి గుమ్మం ముందుకొచ్చి నిలబడిన సర్రియల్ ముఖచిత్రం అది.

క్లాసులో పిల్లలకు మూడు ప్రశ్నలే ఇచ్చాం. ఈ మనిషి చేతిలో ఏముంది? తల మీద ఏముంది? కాళ్ళ దగ్గర ఏముంది? టారో సన్యాసి చేతిలో లాంతరు ఉంటుంది. ఒక అబ్బాయి ఆ చోట వాళ్ళ తాతను పెట్టాడు. చేతిలో టార్చిలైటు, తల మీద గొడుగులా విప్పుకున్న పామాయిల్ మట్టలు, కాళ్ళ దగ్గర బోరు మోటారు. రాత్రి కరెంటు రోజుల్లో తాత ఎలా నడిచాడో ఇంట్లో అడిగి తెలుసుకున్నాడట. సింహం నోరు మెత్తగా మూస్తున్న స్త్రీ బొమ్మ టారోలో 'బలం' అనే ముక్క. ఒక అమ్మాయి ఆ చోట అమ్మను పెట్టింది. సింహం బదులు ప్రెషర్ కుక్కర్! రెండు చెంబుల మధ్య నీళ్ళు పోసే దేవదూత 'మితం' అనే ముక్క. మన నాగిరెడ్డిగూడెం రిజర్వాయరులో ఆగే తమ్మిలేరు నీరు ఏలూరు మీదుగా కొల్లేరు చేరుతుందని సోషల్‌లో చదివిన ఒక పిల్ల, వాళ్ళ నాన్నను మెట్టకీ కొల్లేరుకీ మధ్య నిలబెట్టి, ఆయన అరచేతుల్లోంచి నీళ్ళు పోయించింది. పై చెంబులో మామిడి చెట్టు, కింది చెంబులో గూడబాతు. ఆ బొమ్మలో ఆర్ట్ ఎంతో, భూగోళం అంత. జాతీయ విద్యా విధానం 2020 కళలకూ సైన్సుకూ మధ్య గట్టి గోడ వద్దంటున్నది ఇందుకే.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది.

పేరెంట్స్ మీటింగుల్లో తరచు వినే మాటలున్నాయి. "మావాడు యావరేజ్ అండీ." "పెద్దది టాపర్, చిన్నదానికి ఆటలెక్కువ." "వీడు మొండి, వాళ్ళ బాబాయి పోలిక." ఇవీ ముక్కలే. కాకపోతే చిలక తీయలేదు, మనం తీశాం. జోస్యుడైనా చూపిన ముక్కను మళ్ళీ కట్టలో కలిపేస్తాడు. మనం ఎల్‌కేజీలో తీసిన ముక్కను పదో తరగతి దాకా పిల్లవాడి మెడలో వేలాడదీస్తున్నాం. బడిలో మేమూ అంతే, సెక్షన్ పేరుతో, ర్యాంకు పేరుతో.

తిరుపతి గంగమ్మ జాతరలో భక్తులు వారం పాటు వేషాలు వేస్తారు. ఒక రోజు బైరాగి వేషం, ఒక రోజు తోటి వేషం, ఇంకో రోజు దొర వేషం. నిన్న బైరాగి వేషం వేసినవాడే రేపు దొర. ఏ వేషమూ మనిషికి అతుక్కుపోదు. ముఖచిత్రం ద్వారా పిల్లలకు తెలియాల్సింది ఇదే: నేను ఈ రోజు కొండ అంచున నిలబడ్డ అమాయకుణ్ణి కావచ్చు, రేపు లాంతరు పట్టుకునేది నేనే. లెక్కల్లో తడబడే పిల్లవాడు తనను తాను గారడీవాడిగా గీసుకుంటే నవ్వకండి. తన గురించి అతను చెప్పదలచుకున్నది మార్కుల షీటులో లేదు.

"పబ్లిక్ పరీక్షల ముందు ఈ బొమ్మలకు టైమెక్కడిది?" అనే మాట నాకు తెలుసు. యూనిట్ టెస్ట్ దగ్గర పడితే ముందు పోయేది డ్రాయింగ్ పీరియడే. మార్కులు అక్కర్లేదని నేను అనను. పై క్లాసుల్లో కూడా వారానికి ఒక్క పీరియడ్ రివిజన్‌కు ఇవ్వకుండా మిగల్చమని మాత్రం మేనేజ్‌మెంట్‌నూ, మిమ్మల్నీ కోరుతున్నాను. మీరు అడిగితే ఆ పీరియడ్ నిలుస్తుంది.

ఈ నెల ఇంట్లో ఒక ఆదివారం అరగంట ఇవ్వండి. కాగితం, పెన్సిలు చాలు. ఈసారి పిల్లలు కాదు, మీరు గీయండి. మీ అబ్బాయినో, అమ్మాయినో ఒక ముక్కగా గీయండి. చేతిలో ఏముంది, తల మీద ఏముంది, కాళ్ళ దగ్గర ఏముంది? బొమ్మ బాగా రాకపోయినా ఫరవాలేదు. పుస్తకాల సంచి, ర్యాంకు కార్డు తప్ప ఇంకేమీ తట్టకపోతే పెన్సిలు పక్కన పెట్టి, కాసేపు వాళ్ళతోనే మాట్లాడండి. ఆ తర్వాత గీసిన బొమ్మను సోమవారం పిల్లల చేత పంపితే క్లాసు గోడ మీద వాళ్ళ బొమ్మల పక్కనే పెడతాం.

– డ్రాయింగ్ టీచర్, చింతలపూడి బ్రాంచి