ఫిర్యాదుల పుస్తకంలో ఖాళీ పేజీలు

మా కళాశాలకు న్యాక్ బృందం రావడానికి పది రోజుల ముందు రెండో సంవత్సరం చదువుతున్న ఒక మాదిగ విద్యార్థిని నా గదికి వచ్చింది. ప్రయోగశాలలో ఒక అధ్యాపకుడు అందరి ముందూ 'కోటాలో సీట్లొస్తాయి గానీ బుర్రలెక్కణ్నుంచి వస్తాయి' అన్నాడని చెప్పి ఏడ్చింది. నేనప్పుడు నాణ్యతా హామీ విభాగానికి, అందరూ ఐక్యూఏసీ అని పిలిచేదానికి, సమన్వయకర్తను. పైగా అదే కులంలో పుట్టినవాణ్ణి. 'బృందం వెళ్లాక రాసివ్వమ్మా, అప్పుడు చూద్దాం' అన్నాను. ఆమె మళ్లీ రాలేదు. ఆ ఏడాది ఫిర్యాదుల పుస్తకంలో పేజీలు ఖాళీగా మిగిలాయి. ఆ ఖాళీనే బృందానికి ప్రశాంత వాతావరణంగా చూపించాం.

న్యాక్ 1994లో ఏర్పడింది. ఇన్నేళ్ల తర్వాత కూడా నాణ్యతా మదింపు అనగానే అధ్యాపకుడి కళ్లముందు మెదిలేవి ఫైళ్లు, ఫొటోలు, పాత తేదీలు వేసి రాసే సమావేశ వివరాలు. 2017లో పద్ధతి మార్చాక మార్కుల్లో సింహభాగం సంస్థలు పంపే అంకెలపైనే ఆధారపడింది. దాంతో పాఠం చెప్పేవాడు లెక్కల గుమాస్తా అయ్యాడు. మా దగ్గర ఆ రాతపని ఎక్కువగా కాంట్రాక్టు, అతిథి అధ్యాపకుల మీద పడింది. అంబేడ్కర్ జయంతి ఫొటోలు సేకరించే పని మాత్రం ఎవరూ చెప్పకుండానే దళిత అధ్యాపకుడిదయ్యేది. ఇక గ్రేడు బజారు సరుకైందన్న అనుమానానికి 2025 ఫిబ్రవరిలో సీబీఐ బలం చేకూర్చింది. గుంటూరు జిల్లాలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయానికి మంచి గ్రేడు కోసం లంచం ఇచ్చారన్న ఆరోపణపై తనిఖీ బృందం సభ్యులనే అరెస్టు చేసింది.

అయితే స్టాఫ్ రూములో నేను గమనించిన విషయం వేరు. న్యాక్ కొలిచేది నాణ్యత కాదని వెటకారం చేసే సహోద్యోగులే, రిజర్వేషన్ల మాట వచ్చేసరికి 'నాణ్యత పడిపోతోంది' అని నిట్టూర్చేవారు. కొలత మీద నమ్మకం లేనివారికి, ఏ కొలతా లేకుండానే ఎవరివల్ల పడిపోతోందో తెలిసిపోయేది! మదింపు మీద అధ్యాపకుల అభిప్రాయాలు సేకరించేవారు ఈ రెండో నాణ్యత గురించి కూడా అడగాలి.

మదింపు పత్రం దీన్ని పట్టుకోగలదా? నేను నింపిన పత్రంలో రిజర్వుడు సీట్లు ఎంత శాతం నిండాయో చెప్పే గడి ఉంది, దానికి మార్కులున్నాయి. అలా చేరినవారిలో మూడో ఏడాదికి ఎందరు మిగిలారో అడిగే గడి లేదు. ఉత్తీర్ణత శాతం అందరికీ కలిపి ఒకటే. మంజూరైన అధ్యాపక పోస్టుల్లో ఎన్ని భర్తీ అయ్యాయని అడిగారు, మిగిలిపోయినవాటిలో రిజర్వుడు పోస్టులెన్నో అడగలేదు. ఫిర్యాదుల పరిష్కారానికి కమిటీ ఉందా అన్నారు, ఉందన్నాం. అది అబద్ధం కాదు.

కేంద్రం ప్రకటించే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల తీరూ ఇంతే. నూటికి పది పాళ్లు సమ్మిళితత్వానికి. ఆ పదినే ప్రాంతం, మహిళలు, ఆర్థిక సామాజిక వెనుకబాటు, వైకల్యం పంచుకోవాలి. నలుగురూ సంస్థ గురించి ఏమనుకుంటున్నారన్న దానికి కూడా పది పాళ్లే.

2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల బలవన్మరణం పొందాడు. హాస్టల్ నుంచి వెలివేసిన అయిదుగురిలో అతనొకడు. ఆ ఏప్రిల్‌లో వెలువడిన తొలి ర్యాంకుల్లో విశ్వవిద్యాలయాల జాబితాలో దానిది నాలుగో స్థానం. లెక్కలు అంతకుముందువే, అక్కడి పరిశోధన స్థాయినీ నేను కాదనను. కానీ ఆ జనవరిలో జరిగింది తర్వాతి లెక్కల్లోనైనా ఏ గడిలో చేరాలి?

మదింపును ఎత్తేయమని నేననను. మా కళాశాలలో అమ్మాయిలకు సరైన మరుగుదొడ్లు బృందం వస్తుందంటేనే కట్టారు. గ్రంథాలయానికి కొత్త పుస్తకాలూ అప్పుడే వచ్చాయి. వాటివల్ల ఎక్కువ మేలు జరిగింది కొనుక్కోలేని పిల్లలకే. 2024లో గ్రేడ్లు తీసేసి, గుర్తింపు ఉందా లేదా అన్న రెండే మాటలతో సరిపెడతామని ప్రకటించారు. రెండే మాటలైతే అడిగే ప్రశ్నలు మరింత పదునుగా ఉండాలి. చేరినవారెందరు, పట్టా పొందినవారెందరు అన్నది కులాలవారీగా చూపించాలి. వివక్ష నివారణ అధికారిని నియమించాలని యూజీసీ 2012లోనే నిబంధన పెట్టింది గనక, ఆ అధికారికి ఎన్ని ఫిర్యాదులు అందాయి, ఎన్ని రోజుల్లో తేలాయన్నది అడగాలి. సున్నా అని రాసిన సంస్థను అభినందించకుండా అనుమానించాలి. బృందం దళిత, ఆదివాసీ విద్యార్థులతో యాజమాన్యం లేని గదిలో మాట్లాడాలి.

మరుసటి ఏడాది ఫలితాల జాబితా వచ్చినప్పుడు నేను ఆ అమ్మాయి పేరు వెతికాను. లేదు. మధ్యలోనే మానేసిందని తర్వాత తెలిసింది. మేం పంపిన పత్రంలో మాత్రం ఆమె సీటు నిండినట్టే ఉంది.