వాగు దారిలో గదులు వద్దు

ఉత్తరాఖండ్ ముఖ్యమంత్రి గారికి,

2013 జూన్‌లో కేదార్‌నాథ్ ఎగువన చోరాబారీ సరస్సు గట్టు తెగినప్పుడు మా తెలుగు యాత్రికులూ ఎందరో కొండల్లో చిక్కుకున్నారు. 2025 ఆగస్టు 5న ధరాలీ గ్రామంలో ఖీర్‌గంగ వాగు బురదై విరుచుకుపడి, ఒడ్డునున్న హోటళ్లను క్షణాల్లో కప్పేసింది. గాలి వేడెక్కేకొద్దీ ఎక్కువ తేమ మోస్తుంది, ఒక్కచోటే వానగా కుమ్మరిస్తుంది. హిమానీనదాలు కరిగి వెనక్కి తగ్గినచోట వదులు రాళ్లూ మట్టీ మిగిలి, ఆ వానకు కిందికి జారుతున్నాయి.

అయ్యా, వాగుల ఒడ్డున కొత్త హోటళ్లకు అనుమతి ఇవ్వకండి. హెచ్చరికలు యాత్రికుల భాషల్లో ఫోన్లకు పంపండి. జోరువానల్లో యాత్ర ఆపండి; ఆపిన రోజుల్లో కంచరగాడిదలు నడిపేవాళ్లకూ దాబాలవాళ్లకూ కూలి నష్టం ప్రభుత్వమే భరించాలి. లేకపోతే వాళ్లు ఆగలేరు. వచ్చే వానాకాలానికి ముందే ఈ పని మొదలుపెట్టమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక తెలుగు యాత్రికుడు