వంటిల్లు లేని కొండ కావాలి

మొన్న ఆదివారం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్నాను. మావారు ఫోను పట్టుకుని వచ్చి పక్కన చతికిలబడి, "ఈ డిసెంబరుకి కూడా అరకే వెళ్దామా? పోయినేడు తీసుకున్న కాటేజీ బాగుంది కదా! నీకూ కాస్త రెస్టుగా ఉంటుంది" అన్నారు.

చేతిలో చిక్కుడుకాయ విరిగింది. కోపంతో కాదులెండి, అది కాస్త ముదురుది. కానీ ఆ "రెస్టు" అన్న మాట దగ్గర నాకు ఒళ్లు మండింది. ఏడాదిగా కడుపులో దాచుకున్నది ఇవాళ రాసేస్తున్నాను. చదివాక మీలో కొందరు "అయ్యో, మా ఇంటి కథే" అంటారని తెలుసు. అనాలనే రాస్తున్నాను.

పోయిన డిసెంబరులో ఎనిమిది మందిమి వెళ్లాం. మేమిద్దరం, మా పిల్లలిద్దరు, అత్తయ్య, మా ఆడపడుచు, అన్నయ్యగారు, వాళ్లబ్బాయి. ఊరికి దూరంగా కొండవాలు మీద కాటేజీ. ముందు వరండా, వెనక సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, నీడన కాఫీ మొక్కలు. టీవీ లేదు. ఫోను సిగ్నలు ఒక మూల నిలబడితేనే వస్తుంది. చూసిన వాళ్లెవరైనా ఇక్కడ నాలుగు రోజులుంటే చాలు, నాలుగేళ్ల అలసట పోతుంది అనుకుంటారు. నేనూ అనుకున్నాను. ఇల్లలకగానే పండగ కాదని మరిచిపోయి.

ఆ కాటేజీ ఎంచుకోవడానికి మావారు చెప్పిన మొదటి కారణం కొండా కాదు, చెట్టూ కాదు. "సొంత వంటిల్లు ఉందోయ్, బయటి తిండి బాధ లేదు" అన్నారు. ఆ రోజే నాకు అర్థం కావాల్సింది. వంటిల్లు ఉందంటే అందులో నిలబడే మనిషి కూడా ఉందనేగా! బుకింగులో గదికి ఎంత, పరుపుకి ఎంత అని రాస్తారు. ఆ మనిషి మాత్రం ఉచితం.

ప్రయాణానికి వారం ముందు నుంచే నా ఉద్యోగం మొదలైంది. బియ్యం, కందిపప్పు, చింతపండు, పోపుల డబ్బా, ఇంగువ, అయిదు లీటర్ల కుక్కరు, పిల్లలకి జంతికలు, అత్తయ్యకి కారం తక్కువ పొడి, అన్నయ్యగారికి గోంగూర పచ్చడి. మావారి సామాను ఒక బ్యాగు, అందులో ఒక స్వెట్టరు, ఒక పుస్తకం. ఆ పుస్తకం ఆయన పూర్తి చేశారు కూడా.

విశాఖలో పొద్దున్నే కిరండూల్ వెళ్లే రైలెక్కాం. బైలదిలా ఇనుప ఖనిజాన్ని రేవుకి దింపడానికి 1960ల్లో వేసిన లైను అది. లైను మొత్తం మీద 58 సొరంగాలున్నాయని అన్నయ్యగారు పిల్లలకి చెబుతుంటే, సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు. ఆ నాలుగు గంటలే నేను నిజంగా విహారం చేసింది. రైల్లో పొయ్యి ఉండదు కదా! కిటికీ పక్కన కూర్చున్నాను, ఇంటి నుంచి తెచ్చిన పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని. లోయల్లో వలిసె పూలు పచ్చగా, పసుపు ఆరబోసినట్టు. ఇంకో మూడు రోజులు ఇలాగే చూస్తూ ఉండొచ్చనుకున్నాను, పిచ్చిదాన్ని.

దిగాక జరిగింది లెక్క చెబుతాను. శుక్రవారం రాత్రి నుంచి సోమవారం పొద్దున దాకా ఎనిమిది పూటలు, ఎనిమిది మంది. 64 కంచాలు. కాఫీలూ, టీలూ, పిల్లలకి పాలూ ఈ లెక్కలో లేవు. ఆదివారం మధ్యాహ్నం అందరూ వెళ్లి బొంగులో చికెన్ కట్టించుకొచ్చారు, "ఇవాళ నీకు సెలవు" అని. అన్నం, పప్పు, చారు, శాకాహారం తినే అత్తయ్యకి వంకాయ కూర ఎవరు చేశారో అడక్కండి.

ఇక ఆ ఇడ్లీ పిండి సంగతి. శనివారం పొద్దున్నకి ఇడ్లీ అని పిల్లలు గొడవ చేస్తే ఇంటి దగ్గరే పిండి రుబ్బి డబ్బాలో పట్టుకెళ్లాను. చలికి పిండి పులవలేదు. అర్ధరాత్రి లేచి నా శాలువా తీసి డబ్బాకి చుట్టాను. అవునండీ, ఆ కొండ మీద, ఆ చలిలో, శాలువా నాకు కాదు, పిండికి. అయినా పొంగలేదు. పొద్దున ఇడ్లీలు రాళ్లలా వచ్చాయి. "ఇంటి దగ్గర బాగానే వస్తాయి కదా, ఇక్కడేమైంది?" అన్నారు మావారు వరండాలో మంచు చూస్తూ. పాలు కూడా తోడుకోలేదు. పెరుగు లేదని మా ఆడపడుచు కొడుకు అలక. ఆ కొండ మీద చలికి అందరూ మురిసిపోయారు. నాకు మాత్రం అది రోజుకి రెండుసార్లు మాట తెచ్చిపెట్టింది.

మంచు నేను చూడలేదని కాదు. చూశాను. వంటింటి కిటికీకి ఇనుప జాలీ ఉంది, అందులోంచి.

ఇప్పుడు "నిన్నెవరు వండమన్నారు?" అనే వాళ్లకి సమాధానం. నిజమే, నోరు తెరిచి ఎవరూ అనలేదు. మొదటి రాత్రి అన్నయ్యగారు "ఈ చలిలో అక్కయ్యగారి చేతి మిరియాల చారు, ఇంతకన్నా స్వర్గం ఏముంది!" అన్నప్పుడు నేను పొంగిపోయాను కూడా. పిండి పొంగకపోయినా నేను పొంగాను. ఆ మెప్పు రుచి మరిగి మనమే కుక్కరు సర్దుకుంటాం, మనమే "లెండి లెండి, మీకు చేతకాదు" అని మగవాళ్లని తరిమేస్తాం. నా వాటా తప్పు నేను ఒప్పుకుంటున్నాను. కానీ ఒక మాట. మెప్పుకోలు చారుకి దొరుకుతుంది, వరండాలో కాళ్లు చాపుకుని కూర్చుంటే దొరకదు. ఇరవై ఏళ్లుగా దేనికి మెచ్చుకుంటే దానికే అలవాటుపడ్డ మనిషిని, ఒకరోజు తీసుకెళ్లి కొండ మీద కూర్చోబెట్టి "ఇంక విశ్రాంతి తీసుకో" అంటే ఆవిడకి చేతకాకపోవడంలో వింతేముంది?

నా ఒక్కదాని గోల కాదిది. కేంద్ర గణాంక శాఖ వాళ్లు 2019లో జనం రోజంతా ఏం చేస్తారో సర్వే చేశారు. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు అందుకు రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతున్నారని అప్పుడు తేలింది. మగవాళ్లు 97. అదీ ఆ పని చేసే మగవాళ్ల లెక్క. అసలు అలాంటి పని చేసేవాళ్లే వాళ్లలో నూటికి 26 మంది. అంటే మనకి రోజుకి అయిదు గంటల డ్యూటీ, వారానికి ఏడు రోజులు. ఉద్యోగం చేసే వాళ్లకి ఎల్‌టీసీ ఇచ్చి మరీ సెలవు మీద పంపుతారు. వెళ్లిన చోట ఆఫీసు ఫైళ్లు పెట్టి ఉంచరు. మనకి మాత్రం సెలవు చోటుకే ఆఫీసు వస్తుంది, గ్యాసు పొయ్యితో సహా.

"మరి డబ్బు మిగిలింది కదా" అంటారు. మావారు తిరుగు రైల్లో ఫోనులో లెక్క వేసి, బయట తింటే అయ్యే దానికన్నా నాలుగు వేలు ఆదా అయిందని సంతోషంగా చెప్పారు. ఆ నాలుగు వేలు ఎవరు సంపాదించారండీ? ఎవరూ అడగలేదు. ఇంటికొచ్చాక అందులోంచి స్కూటర్ సర్వీసింగ్ చేయించారు.

ఇంతకన్నా నన్ను కుదిపింది ఇంకొకటుంది. ఆ కాటేజీ చూసుకునే అతని భార్య రోజూ తెల్లారేసరికి కట్టెల మోపు తెచ్చి, స్నానాలకి నీళ్లు కాచి, కాఫీ పళ్లు కోయడానికి తోటకి పోయేది. సాయంత్రం వచ్చి గదులు ఊడ్చేది. రెండో రోజు నేను గిన్నెలు తోముతుంటే గుమ్మంలో నిలబడి, "మీరే వండుకుంటారంటగా అమ్మా" అంది. ఆ గొంతులో ఏదో ఉంది. తర్వాత తెలిసింది, వచ్చే వాళ్లకి కంచానికి ఇంత అని తీసుకుని ఆవిడే వండి పెడుతుందట. మాకూ చెప్పారట. మావారు ఏమన్నారో తెలుసా? "అక్కర్లేదండీ, మా ఆవిడ ఉంది."

ఆ మాట అనడంలో ఆయనకి దురుద్దేశం ఏమీ లేదు. గర్వంగా కూడా అని ఉంటారు. కానీ ఆ మూడు ముక్కలతో ఇద్దరాడవాళ్లకి నష్టం జరిగింది. ఆవిడ చేతికి రావలసిన నాలుగు డబ్బులు పోయాయి. నాకు రావలసిన నాలుగు రోజులు పోయాయి. "నీ పని ఇంకో ఆడదాని నెత్తిన పెట్టి నువ్వు విశ్రాంతి తీసుకుంటావా" అని అడిగే వాళ్లుంటారు, మంచి ప్రశ్నే. పెడితే దానికి కూలి కట్టాలి, ఆవిడ అడిగినంత, బేరమాడకుండా. నాకు పెట్టిన పనికి కూలీ లేదు, అడిగే వీలూ లేదు. తేడా అదీ. బొంగు చికెన్ బండి దగ్గర యాభై రూపాయలకి అరగంట బేరమాడి, సొంత ఇంటి మనిషి శ్రమ దగ్గర లెక్కే వేయని మగవాళ్ల చేతిలో ఈ దేశపు ఇంటి బడ్జెట్లున్నాయి.

ఇంక అత్తయ్య. ఈ మొత్తానికి పెద్ద కారణం ఆవిడేగా! "అమ్మకి బయటి తిండి పడదు." బుకింగప్పుడు అదే మాట, వెళ్లాకా అదే మాట. నాకూ మనసులో ఆవిడ మీద కాస్త కినుకగానే ఉంది, అబద్ధమెందుకు.

ఆదివారం రాత్రి అందరూ చలిమంట చుట్టూ చేరి పాటలు పాడుతుంటే, నేను మర్నాటి ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతున్నాను. అత్తయ్య గోడ పట్టుకుని మెల్లగా వంటింట్లోకి వచ్చి పీట లాక్కుని కూర్చుంది. డెబ్బై నాలుగేళ్ల మనిషి. ఇంకో కత్తిపీట లేదంటే వెల్లుల్లి వొలవడం మొదలుపెట్టింది. కాసేపటికి దానంతట అదే మాట వచ్చింది.

"పెళ్లయిన కొత్తలో మీ మావయ్యగారు తిరుపతి తీసుకెళ్లారే. పన్నెండు మందిమి. కొండ మీద సత్రంలో మూడు రాళ్లు పెట్టి మూడు రోజులు వండాను. పొగ. దర్శనానికి వెళ్లాను గానీ కొండ ఎలా ఉంటుందంటే చెప్పలేను. తర్వాత శ్రీశైలం. అక్కడా అంతే. నేను చూసిన కొండలన్నిటికీ ఒకటే వాసన, పోపు వాసన."

నవ్వుతూనే చెప్పింది. నేనడిగాను, "మరి మీకు బయటి తిండి పడదంటారుగా అత్తయ్యా?"

"నాకెందుకు పడదు? మీ మావయ్యగారికి పడేది కాదు. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. వాడు నన్నెప్పుడూ అడగలేదు. హోటల్లో ఉప్మా పెసరట్టు తినాలని నాకెప్పటి నుంచో ఉంది."

నేను తరగడం ఆపేశాను. ఎవరి పేరు చెప్పి నన్ను మూడు రోజులు పొయ్యి ముందు నిలబెట్టారో, ఆవిడకి పెసరట్టు తినాలని ఉందట! ఎవరూ ఆవిడని అడగలేదు. నేనూ అడగలేదు, అదీ నిజం. ఒక ముసలావిడ అలవాటు అనుకున్నది, తొమ్మిదేళ్ల కిందట పోయిన మగమనిషి జిహ్వ. అది ఇంకా మా ఇంట్లో బతికుండి మా ఇద్దరి చేతా వండిస్తోంది.

మర్నాడు పొద్దున ఉల్లిపాయలు అలాగే మూతపెట్టి వదిలేశాను. బజారుకి మనిషిని పంపి టిఫిన్ తెప్పించమన్నాను. మావారు నా మొహం చూసి ఎందుకని అడగలేదు. అత్తయ్యా నేనూ వరండాలో కుర్చీలేసుకుని కూర్చున్నాం. అప్పటికి మంచు విడిపోయింది, ఎండొచ్చేసింది. రైలుకి ఇంకో రెండు గంటలే ఉంది. అయినా కూర్చున్నాం.

అందుకే మొన్న ఆయన "రెస్టుగా ఉంటుంది" అనగానే నేను నోరు విప్పాను. ఆ కాటేజీకే వెళ్దాం, కొండ ఏం పాపం చేసింది. కానీ కుక్కరు రాదు, పోపుల డబ్బా రాదు. ఆవిడ వండుతుంది, మనం డబ్బిస్తాం. అది కుదరదంటే పొయ్యి లేని గది చూడండి అన్నాను. ఆయన "అమ్మకి మరి..." అని ఏదో అనబోయారు.

లోపల గదిలోంచి అత్తయ్య గొంతు, "ఒరేయ్, ఆ వంటిల్లు లేనిదే చూడు. అక్కడ పొద్దున్న కాఫీ ఎవరిస్తారు?"

"ఇక్కడైతే కుర్రాడు గదికే తెచ్చిస్తాడట అమ్మా" అన్నారు ఫోనులో చూసి.

"అయితే నాకు రెండు కప్పులు చెప్పు."