వెదకి వినవలసిన సంగీతం

కాలక్షేపానికి వినే సంగీతం వేరు. వెదకి వినే సంగీతం వేరు. మొదటిది తానై మన గుమ్మంలోనికి వస్తుంది. రెండవదాని కోసం మనమే బయలుదేరవలె. నేడు సెల్‌ఫోను చేతబట్టిన విద్యార్థికి లోకంలోని పాటలన్నీ తన వ్రేలికొసన ఉన్నవనే భ్రమ కలుగుతున్నది. నిజానికి అతనికి నిన్న విన్నదాని వంటిదే నేడు, నేడు విన్నదాని వంటిదే రేపు వినిపిస్తున్నది. వినేవాని ఇష్టాన్ని యంత్రం లెక్కగట్టి, ఆ ఇష్టాన్నే మరల వడ్డిస్తున్నది. పెట్టినదే పెట్టే పంక్తిలో రుచి పెరుగుతుందా? అందుచేత, పెద్ద వ్యాపారసంస్థల అండ లేకుండా ప్రయోగాత్మక సంగీతాన్ని, అందులోనూ ఎలక్ట్రానిక్ సంగీతాన్ని, వెలువరించేవారిని వెదకి వినడం మన విద్యలో ఒక భాగం కావలెనని నా మనవి.

తెలుగు పాఠాలు చెప్పుకొనేవానికి ఈ ప్రసక్తి ఎందుకని కొందరు అడుగవచ్చును. నన్నెచోడుని కుమారసంభవం మనకు ఎట్లా దక్కినదో జ్ఞాపకం చేసుకొందాము. మానవల్లి రామకృష్ణకవిగారు తంజావూరు సరస్వతీ మహలులోని తాళపత్రాలలో దానిని కనుగొని, 1909లో ప్రథమభాగం ప్రకటించేవరకు ఆ కావ్యం మన పండితలోకంలో లేనట్లే. కావ్యం ఉండడం ఒక యెత్తు, దానిని వెదకేవాడు ఉండడం మరొక యెత్తు. సంగీతానికి కూడా ఇదే న్యాయం వర్తిస్తుంది.

అహమ్మదాబాదులో 1961లో స్థాపితమైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ అనే సంస్థలో 1969లో ఒక ఎలక్ట్రానిక్ సంగీతశాల వెలసినది. అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ వచ్చి, అక్కడ ఒక సింథసైజరును నెలకొల్పినాడు. దీని వెనుక గీతా సారాభాయి ఉన్నది. ఆమె పఖవాజ్ వాయించిన తొలి మహిళలలో ఒకరు. 1946లో న్యూయార్కు వెళ్లి, జాన్ కేజ్ వద్ద పాశ్చాత్య సంగీతం నేర్చుకొని, ప్రతిఫలంగా ఆయనకు భారతీయ సంగీతాన్ని బోధించినది. సంగీతం మనస్సును నెమ్మదింపజేసి దైవభావానికి పాత్రం చేస్తుందని ఆమె చెప్పిన మాట కేజ్ జీవితాన్నే మలుపు త్రిప్పినది. ప్రపంచ ప్రయోగసంగీతంలో మన దేశానికి ఇంత పాలున్నదని మన విద్యార్థులలో ఎందరెరుగుదురు?

ఆ సింథసైజరుకు దానిని నిర్మించిన రాబర్ట్ మోగ్ పేరే పెట్టినారు. చాలమంది దానిని 'మూగ్' అని పలుకుతారు. ఆయన మాత్రం తన పేరును 'మోగ్' అనే పలికేవాడు. ఈ రెండింటికీ గల భేదం తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. అహమ్మదాబాదులో ఆ యంత్రం 1972 వరకు మోగినది. ఆ టేపులు మాత్రం తరువాత అర్ధశతాబ్దం మూగవోయినవి. గీతా సారాభాయితోపాటు ఐ. ఎస్. మాథుర్, అతుల్ దేశాయి, ఎస్. సి. శర్మ, జిన్‌రాజ్ జోషీపురా అక్కడ చేసిన రచనలు బీరువాలలో ఉండిపోయినవి. 1970 ఒసాకా ప్రపంచ ప్రదర్శన కోసం దేశాయి చేసిన రికార్డింగులు కూడా వాటిలో ఉన్నవి. పాల్ పర్గస్ అనే బ్రిటిష్ కళాకారుడు ఆ సంస్థ భాండాగారంలో వాటిని వెదకి పట్టగా, 2023లో గ్రామఫోను రికార్డుగా లోకానికి అందినవి. రామకృష్ణకవిగారు తాళపత్రాలకు చేసిన పనినే ఈయన టేపులకు చేసినాడు.

ఇటువంటిదే మరొక ఉదాహరణ. బొంబాయి సినిమా వాద్యబృందాలలో పనిచేసిన చరణ్‌జిత్ సింగ్ 1982లో పది రాగాలను సింథసైజరు పైన, డ్రమ్ యంత్రపు లయతో వాయించి ఒక రికార్డు వెలువరించినాడు. అందులోని భూపాలి మన మోహన. మాల్కౌఁస్ మన హిందోళం. ఆనాడు దానిని పట్టించుకొన్నవారు అరుదు. కొన్ని సంవత్సరాలకు అమెరికాలోని షికాగో నగరంలో, ఆయన వాడిన యంత్రాలలో ఒకదానితోనే ఒక క్రొత్త నాట్యసంగీతం పుట్టి, లోకమంతా వ్యాపించినది. అటువంటి నాదాన్ని బొంబాయిలో ఒకడు ముందే పలికించినాడని తెలియడానికి, ఒక డచ్చి సేకర్త ఆ రికార్డును కనుగొని 2010లో పునర్ముద్రించవలసి వచ్చినది. సింగు 2015లో మరణించినాడు. వృద్ధాప్యంలోనైనా పేరు వచ్చినది కదా అని మనం సంతోషించవచ్చును. ముప్పది ఏండ్ల ఆలస్యానికి బాధ్యులెవరని కూడా అడుగవలె. కొంత బాధ్యత శ్రోతలదే.

నేడు ఇట్టి రచనలు ఎక్కడ దొరుకుతవి? వంద ప్రతులో, రెండు వందల ప్రతులో క్యాసెట్టుగా వేసే చిన్న ప్రచురణకర్తలు అనేక దేశాలలో ఉన్నారు. స్వంత ఖర్చుతో ఖండకావ్యం అచ్చువేసి సంచిలో పెట్టుకొని తిరిగే మన కవులకు వారు జ్ఞాతులు. 2008లో మొదలైన బ్యాండ్‌క్యాంప్ వంటి చోట్ల సంగీతకారుడే తన వెలను నిర్ణయిస్తాడు. శ్రోత సాధారణంగా ముందు విని, పిదప కొనవచ్చును. వచ్చిన సొమ్ములో అధికభాగం సృష్టికర్తకే చేరుతుంది. అయితే అటువంటి అంగడి కూడా 2022లో ఒకసారి, 2023లో మరొకసారి చేతులు మారినది. కనుక అంగడిని నమ్ముకొనడం కంటె వెదకే పద్ధతి నేర్చుకొనడం మేలు.

ఆ పద్ధతి మన వ్యాఖ్యాతలు ఎరిగినదే. ఒక పేరు పట్టుకొని మరొక పేరును చేరడం. గీతా సారాభాయి పేరు కేజ్ వద్దకు, కేజ్ పేరు ట్యూడర్ వద్దకు, ట్యూడర్ పేరు అహమ్మదాబాదు వద్దకు దారి తీస్తుంది. రికార్డు వెనుక అట్టమీద చిన్న అక్షరాలలో ఉన్న ప్రతి పేరూ ఒక క్రొత్త బాట. ఎవరు వాయించినారు, ఎవరు ధ్వనిముద్రణ చేసినారు, ఎవరు ప్రకటించినారు అని చదివేవానికి ఒక్క రికార్డు పది రికార్డుల జాడ చెప్పుతుంది.

రాగం లేక, తాళం లేక మ్రోగేది సంగీతమెట్లా అవుతుందనే ఆక్షేపణ ఉన్నది. అది త్రోసివేయదగినది కాదు. వయొలిన్ పరదేశి వాద్యమే గాని, ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో మనదైనది. పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ విద్యుత్ మాండలిన్ పైన త్యాగరాజ కృతులు పలికించినాడు. సంగీత పాఠశాలలలో ఎలక్ట్రానిక్ తంబురా శ్రుతి పట్టుతున్నది. కనుక విద్యుత్తు మనకు శత్రువు కాదు. ఇంతవరకు పేచీ లేదు. ప్రయోగకారులు మరొక అడుగు వేసినారు. 1948లో పారిస్ రేడియోలో పియెర్ షఫేర్ రైలుబండ్ల చప్పుళ్లనే ముద్రించి, కత్తిరించి, కూర్చి రచన చేసినాడు. భరతుడు వాద్యాలను తత, అవనద్ధ, ఘన, సుషిరాలని నాలుగు విధాలుగా విభజించినాడు. తీగ మీటక, తోలు మోదక, కంచు తాకించక, గాలి ఊదక పుట్టే నాదం ఈ నాలుగింటిలో దేనికిందికి వస్తుంది? ఈ ప్రశ్నను తరగతిలో వేసి చూడండి; విద్యార్థి నాట్యశాస్త్రాన్నీ, సింథసైజరునూ ఒకేసారి ఆలోచించవలసి వస్తుంది.

ప్రయోగమైనంత మాత్రాన మేలైనదని నేను అనడం లేదు. వాటిలో పేలవమైనవి, అహంకారపు రొదలు చాల ఉన్నవి. కాని తాలు ఏదో గింజ ఏదో తూర్పారబట్టినగాని తెలియదు. వినకుండ నిరాకరించినవాడు విమర్శకుడు కాడు. వినకుండ మెచ్చినవాడూ కాడు.

ఉపాధ్యాయ మిత్రులకు నా సూచన స్వల్పమైనది. వారానికి ఒక గంట చాలును. ఒక రచనను ఎంచుకొని మూడు సార్లు వినిపించవలె: మొదటిసారి ఏ మాటా చెప్పక, రెండవసారి రచయితను, సంవత్సరాన్ని, పరికరాన్ని చెప్పి, మూడవసారి విద్యార్థుల చేత వారు విన్నదానిని తెలుగులో వ్రాయిస్తూ. ధ్వనిని వర్ణించబూనిన విద్యార్థికి మన భాషలోని ఘోష, రవళి, గలగల, గుమగుమ ఎక్కడెక్కడ తగునో, ఎక్కడ తగదో తెలిసివస్తుంది. గుమగుమ ముక్కుకు సంబంధించినదని అక్కడనే ఒకడు అభ్యంతరం చెప్పుతాడు. అదే మంచి పాఠం. నచ్చిన రచనను తరగతి అంతా చందా వేసుకొని కొనవచ్చును. అప్పుడు ఎక్కడో ఒక చిన్న గదిలో పనిచేసే సంగీతకారునికి, తనను విన్నవారు ఉన్నారని తెలుస్తుంది.

ఇక చివరిమాట. మన పాఠశాలల, కళాశాలల బీరువాలలో కూడా పాత టేపులు ఉన్నవి. వార్షికోత్సవాలు, హరికథలు, కీర్తిశేషులైన కవుల గళాలు వాటిలో ఉండవచ్చును. టేపుమీది అయస్కాంతపు పూత తేమకు చెడి, రాలిపోతుంది. తాళపత్రానికి చెదపురుగు ఎట్లాగో, దీనికి తేమ అట్లాగ. వెదకేవాడు రాకముందే అది రాలిపోయినట్లయితే, పోయినదేమిటో చెప్పడానికి కూడా ఎవరూ మిగలరు.