విమానాలకు దారి సరే, ఊళ్లకేది?

గన్నవరం విమానాశ్రయం పెరిగింది. 2017లో దానికి అంతర్జాతీయ హోదా వచ్చింది. 2,286 మీటర్ల రన్‌వేను 3,360 మీటర్లకు పొడిగించగా, 2021లో అది వాడుకలోకి వచ్చింది. ఇందుకోసం చుట్టుపక్కల గ్రామాల రైతుల నుంచి సుమారు 700 ఎకరాలు తీసుకున్నారు. పెద్ద విమానాలు దిగడం జిల్లాకు మంచిదే. కాదనేవారు లేరు. అయితే విమానాశ్రయం ప్రహరీ గోడతో ఆగదు. లోపల పెరిగిన రద్దీ అంతా బయటి రోడ్డు మీదకే వస్తుంది.

ఆ రోడ్డు చెన్నై - కోల్‌కతా జాతీయ రహదారి. ఇప్పుడు దాని నంబరు 16 అయినా, పాతవారికి అది 5వ నంబరు రోడ్డే. దూరప్రాంతాల లారీలు, విజయవాడ - ఏలూరు బస్సులు, ధాన్యం ట్రాక్టర్లు, పాల క్యాన్లు కట్టుకున్న మోటారు సైకిళ్లు, బడి పిల్లల సైకిళ్లు అన్నీ దాని మీదనే నడవాలి. విమానం అందుకోవాలనే తొందరలో కారు వస్తుంది. బస్తాల లోడుతో ట్రాక్టరు నెమ్మదిగా పోతుంది. ఈ రెండింటినీ ఒకే వరుసలో నడిపించడమంటే ప్రమాదాన్ని పిలవడమే.

కొత్త టెర్మినల్‌ను రద్దీ గంటలో 1,200 మంది ప్రయాణికులకు సరిపడేలా రూపొందించారు. కారుకు ముగ్గురు చొప్పున లెక్కవేసినా గంటకు 400 కార్లు. దింపి వెళ్లేవి, ఖాళీగా వచ్చి ఎక్కించుకునేవి చూస్తే రోడ్డు మీద తిరిగేవి అంతకు ఇంకా ఎక్కువే. వీటికితోడు ప్రముఖులు వచ్చినప్పుడల్లా వాహనాలను నిలిపివేస్తారు. ఆ సమయంలో ఆస్పత్రికి పోయే ఆటో కూడా ఎండలో నిలబడవలసిందే.

విజయవాడ పశ్చిమ బైపాస్‌తో కష్టాలు తీరతాయని కొందరి నమ్మకం. చిన్నఅవుటపల్లి నుంచి గొల్లపూడి మీదుగా కాజ వైపు సాగే ఈ దారి దూరప్రాంతాల లారీలను విజయవాడలోకి రాకుండా తప్పిస్తుంది. అంతవరకు మేలే. కాని విమానాశ్రయానికి వచ్చే కార్లు పాత రోడ్డు మీదకే వస్తాయి. కేసరపల్లి, గన్నవరం, గూడవల్లి ప్రజలు దాటవలసిందీ ఆ రోడ్డునే.

పొలం దారుల సంగతి ఇంకా ముఖ్యం. రన్‌వేకు అడ్డంగా రోడ్డు పోవడానికి వీలులేదు. అది కిలోమీటరుకు పైగా పొడవు పెరిగితే, అవతల పొలం ఉన్న రైతు అంత దూరమూ చుట్టూ తిరగాలి. ఎరువుల బస్తాకు, కూలీల ఆటోకు, కోత యంత్రానికి అదనపు ఖర్చు అతని నెత్తినే పడుతుంది. ఏలూరు కాలువ మళ్లింపు కూడా విస్తరణలో భాగమే కనుక, కాలువ దాటే వంతెనల విషయంలోనూ ఇదే శ్రద్ధ కావాలి. పోయిన డొంకకు బదులు డొంక చూపకుండా పనులు ముగిశాయనడం తగదు.

కావలసినవి గొంతెమ్మ కోరికలు కావు. జాతీయ రహదారికి రెండు వైపులా ఎక్కడా తెగిపోని సర్వీసు రోడ్లు వేయాలి. జనం, పశువులు, ట్రాక్టర్లు దాటే చోట్ల, లోడు ట్రాక్టరు పట్టేంత ఎత్తున రోడ్డు కింద దారులు నిర్మించాలి. ట్యాక్సీలకు రోడ్డు వారన కాకుండా విమానాశ్రయం ఆవరణలోనే చోటివ్వాలి. విమానాల వేళలకు తగినట్టు విజయవాడ, ఏలూరు, మచిలీపట్నం నుంచి ఆర్టీసీ బస్సులు నడిపితే కార్ల రద్దీ కొంత తగ్గుతుంది.

విమానాశ్రయం ఒక శాఖది, జాతీయ రహదారి మరొక శాఖది, కాలువ ఇంకొక శాఖది. ఒకరి మీద ఒకరు చెప్పుకుంటూ పోతే ఊళ్ల గోడు వినేవారుండరు. కలెక్టరు ఈ శాఖలన్నిటినీ గ్రామ పంచాయతీలతో ఒకచోట కూర్చోబెట్టాలి. ఏ దారి ఎవరు, ఎప్పటిలోగా వేస్తారో తేదీలతో సహా ప్రకటించాలి. విమానం ఎక్కేవారికి గంట కలిసిరావడం సంతోషమే. భూములిచ్చిన రైతుకు తన పొలం చేరడానికి గంట పట్టకూడదు.